రాలేనివాళ్ళ గిన్నెలు

సోయాపాలు కాగబెడితే పైన మీగడలా పొర కడుతుంది. ఆ పొరల్ని ఎత్తి ఆరబెట్టి, పన్నెండింటిని ఒకదాని మీద ఒకటి పరిచి, మధ్యలో అల్లం రసంలో నానిన పుట్టగొడుగుల తరుగు పెట్టి, చుట్టి, గుడ్డలో గట్టిగా కట్టి ఆవిరి మీద ఉడికించాలి. తర్వాత చెరకు పిప్పి పొగలో గంటసేపు వేలాడదీయాలి. అప్పుడది బాతులా ఉంటుంది. ఉంటుందని మావాళ్ళు అనేవాళ్ళు. ఏడాది ఆఖరి రోజు సాయంత్రం నా మొగుడు కున్-షాన్ మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "బీ-యూన్, ఇది బాతు కాదంటే బాతులు కూడా నమ్మవే" అనేవాడు. నాలుగేళ్ళుగా అదే మాట. నేను వెర్రిమొహం వేసుకుని నాలుగేళ్ళూ పొంగిపోయాను.

బాతు రుచి ఎలా ఉంటుందో ఆ ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. మూడు తరాలుగా ఆ కుటుంబం బతికిందే బాతుల మీద. యీలాన్ ఊళ్ళో మా సందు మొదట్లో ఉన్న పొగబాతు దుకాణం మాదే. కోడలిగా వచ్చిన మర్నాటి నుంచి ఇరవై ఆరేళ్ళు అక్కడ కత్తి పట్టాను. బాతుని రొమ్ము దగ్గర నిలువునా కోసి, రెండు పక్కలకీ తెరిచి, వెదురు పుల్లలు అడ్డంగా గుచ్చి చదునుగా పరచాలి. ఉప్పు రాసి, ఎండబెట్టి, చెరకు పొగ పెట్టాలి. రోజుకి నలభై. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే నేను మెయ్-జూతో కబుర్లు చెప్పేదాన్ని. మెయ్-జూ నా ఆడపడుచు. పెళ్ళి చేసుకోలేదు, దుకాణం వెనక ఇంట్లోనే ఉంటుంది.

ఐదేళ్ళ కిందట, కొత్త ఏడాది పండగ పది రోజులుందనగా, కున్-షాన్ ఉప్పు బస్తా ఎత్తబోయి ముందుకి పడిపోయాడు. గుండె దగ్గర పెద్ద రక్తనాళం చిరిగిందన్నారు. డాక్టరు కాగితం మీద మనిషి బొమ్మ వేసి, రొమ్ము మీద నిలువుగా ఒక గీత గీసి, ఇక్కడ కోసి తెరుస్తామన్నాడు. ఆ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆయన చెప్పక ముందే నాకు తెలుసు. ఆ రోజు పొద్దున్న కూడా నేను దాన్ని నలభైసార్లు గీశాను.

ఆపరేషన్ తొమ్మిది గంటలు పట్టింది. ఆసుపత్రి వెనక చిన్న గుడి ఉంటే అత్తయ్య, మెయ్-జూ, నా కూతురు షిన్-నింగ్, నేను, నలుగురమూ వెళ్ళి గ్వాన్‌యిన్ అమ్మవారి ముందు మోకరిల్లాం. "ఈయన్ని బతికించు తల్లీ. మా ఏడాది చివరి భోజనంలో ఇక ఏ ప్రాణినీ పెట్టం. మాంసం, చేప, గుడ్డు, పాలు, ఏదీ ఉండదు. ఇంటిల్లిపాదీ ఒకే బల్ల దగ్గర ఒకే కుండలోది తింటాం. నేను బతికున్నంత కాలం." నేను ఒక్కో మాటా అంటుంటే మిగతా ముగ్గురూ నా వెనకే అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది మెయ్-జూ.

నేను ఆ రోజే కత్తి మానేశాను. మాంసమూ మానేశాను. మిగతావాళ్ళని మానమనలేదు. మిగిలిన మూడు వందల అరవై నాలుగు రోజులూ వాళ్ళేం తిన్నారో నేను అడిగిన పాపాన పోలేదు. ఒక్క పూట. నేను కోరింది అంతే.

ఆ ఏడు పండగకి కున్-షాన్ ఆసుపత్రిలోనే ఉన్నాడు. పండగకి ఇంటికి రాలేనివాళ్ళకి చేసేదే మేమూ చేశాం. ఆయన కుర్చీ వేసి, ఆయన గోధుమరంగు చలికోటుని కుర్చీ వీపుకి తొడిగి, ముందర గిన్నె, చాప్‌స్టిక్‌లు పెట్టి, ప్రతి వంటకంలోంచీ మొదటి ముక్క అందులో వేశాం. భోజనం ముగిసేదాకా ఆ కోటు ఎవరూ ముట్టుకోకూడదు. మధ్యలో తీస్తే ఆ మనిషి ఇంటిదారి మర్చిపోతాడని అత్తయ్య అంటుంది. నింగ్ చలేస్తోందని వాళ్ళ నాన్న కోటు లాక్కోబోతే ముసలావిడ చేతి మీద ఒక్కటిచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, చెయ్యి వెనక్కి లాక్కుంది. నెల తిరక్క ముందే ఆయన నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. కోటు వల్ల అని అత్తయ్య, డాక్టరు వల్ల అని మెయ్-జూ, మొక్కు వల్ల అని నేను. కున్-షాన్ స్వయంగా గుడికి వచ్చి అగరొత్తులు వెలిగించి, "మా ఆవిడ మాటే నా మాట తల్లీ" అన్నాడు. నా చెవులతో విన్నాను.

ఇక ఈ ఏడాది సంగతి.

పొద్దున్నుంచీ వాన. యీలాన్‌లో ఈ నెలలో వాన రాకపోతే విడ్డూరం కానీ వస్తే ఏముంది. నింగ్ ముందురోజే తైపే నుంచి వచ్చింది. ఇద్దరం ఐదింటికే లేచి వంటింట్లో దూరాం. అది ఆవాకులు కడుగుతోంది. వాటిని తెంపకూడదు, కాడతో సహా నిలువుగా ఉడికించి, కొరక్కుండా చివరి నుంచి మొదలంటా నమలాలి. ఎవరి ఆయుష్షు తలుచుకుని తింటే వాళ్ళు అంత కాలం ఉంటారు. నేను చేమదుంప ముద్దతో చేప చేస్తున్నాను. సముద్రపు నాచు చర్మం, క్యారెట్ ముక్కతో కన్ను, అల్లం చీలికలతో రెక్కలు. ఇంటికి ఏటా ఏదో ఒకటి మిగలాలని చేపని ఆ రోజు ముట్టుకోకుండా మర్నాటికి ఉంచుతాం కాబట్టి అది అందంగా ఉండాలి.

"అమ్మా, ఇది బుట్టలో పట్టదే. తోక బయటికొస్తోంది" అంది నింగ్, ఆవిరి బుట్ట మీద చేపని కొలిచి చూసి.

"మీ మేనత్త దగ్గర పొడుగు బుట్ట ఉంది. తెస్తా ఉండు."

"వద్దు వద్దు, నేను తెస్తాను!" చేతిలో ఆకులు తొట్టిలో పడేసి మరీ లేచింది. "వానలో నువ్వెందుకమ్మా, మోకాలు నొప్పంటావు మళ్ళీ."

"ఐదు ఇళ్ళ దూరానికి మోకాలు అరిగిపోదులే."

"నేను వెళ్తానన్నానా!"

ఇంత ప్రేమ ఎక్కడినుంచి ఊడిపడిందా అనుకున్నాను. ఈలోగా దాని ఫోను మోగింది. ఆఫీసు వాళ్ళట, బాల్కనీలోకి వెళ్ళి తలుపేసుకుంది. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. గొడుగు తీసుకుని నేనే బయల్దేరాను.

మెయ్-జూ వంటింటి తలుపు సందులోకే ఉంటుంది. గడప పక్కన అత్తయ్య ఎర్ర గొడుగు ఆనించి ఉంది. గుడికి వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళిన మనిషి. పలకరిద్దామని నోరు తెరిచేలోగా లోపలి మాటలు వినపడ్డాయి.

"ఇంకాస్త ఉప్పెయ్యవే. అక్కడ చప్పిడి తిని తిని వాడి నోరు చచ్చుబడి ఉంటుంది. ఇక్కడైనా రుచిగా తిననీ." అది అత్తయ్య గొంతు.

"అన్నయ్యకి చెప్పమ్మా, అక్కడ మరీ అంత తినొద్దని. పోయినేడు ఇక్కడికొచ్చేసరికి పొట్ట నిండిపోయి బాతు తొడ వదిలేశాడు."

"తినకపోతే దానికి అనుమానం రాదూ? పిచ్చిది, ఎవరి గిన్నె ఖాళీ అయింది, ఎవరిది కాలేదని చూస్తూ కూర్చుంటుంది."

"నాకైతే వదిన బాతు నములుతుంటే తడిగుడ్డ నములుతున్నట్టుంటుందే. ఆ గుడ్డ విప్పడం మర్చిపోయిందేమోనని పోయినేడు వెతికాను కూడా."

"నోర్ముయ్! కష్టపడి చేస్తుంది పాపం" అంటూనే ముసలావిడ కిసుక్కున నవ్వింది.

ఆ నవ్వు నాకు బాగా తెలుసు. కున్-షాన్ బాతుల మాట అన్నప్పుడల్లా మా బల్ల దగ్గర నవ్వేది కూడా అదే నవ్వు. నాతో కలిసి నవ్వుతోందనుకున్నాను ఇన్నాళ్ళూ.

గడప దాటి లోపలికి వెళ్ళాను. వాళ్ళు పొయ్యి వైపు తిరిగి ఉన్నారు. నాకు ఎదురుగా గుండ్రటి బల్ల, ఎర్ర కాగితం పరిచి, మధ్యలో పులుసు కుండకి పొయ్యి అమర్చి, సాయంత్రానికి సిద్ధంగా ఉంది. నాలుగు గిన్నెలు. అత్తయ్య మెత్తటి అన్నం తినే పూల గిన్నె, దాని పక్కన నింగ్‌కి చిన్నప్పటి నుంచీ అలవాటైన పొట్టి చాప్‌స్టిక్‌లు. కున్-షాన్ గిన్నె ముందు ఆయన మాత్రల డబ్బీ. రాత్రి భోజనం కాగానే వేసుకోవాల్సిన మాత్రలు. మా బల్ల దగ్గర ఏటా "తర్వాత వేసుకుంటాలే" అనేవాడు. తర్వాత అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది.

నాలుగు గిన్నెలు, నాలుగు కుర్చీలు. నేను ఐదో గిన్నె కోసం వెతికాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, నిజంగానే వెతికాను. ఇంటికి రాలేనివాళ్ళకి పెడతాం కదా, అలాంటిదైనా ఒకటి ఉంటుందేమో, ఏ మూలో కుర్చీకి నా పాత స్వెట్టరైనా తొడిగారేమోనని. లేదు. రాలేనిదాని కింద కూడా నన్ను లెక్కలోకి తీసుకోలేదు.

మెయ్-జూ వెనక్కి తిరిగింది. గరిటె చేతిలోనే ఉండిపోయింది.

"వదినా! ఎప్పుడొచ్చావు? ఇది... ఇది పూర్వీకులకి పెడదామని..."

"మీ పూర్వీకులు గుండె మాత్రలు కూడా వేసుకుంటారా?"

కుండలో బాతు కుతకుత ఉడుకుతోంది. చెరకు పొగ వాసన. అసలు మోసమంతా ఆ వాసనలో ఉంది. నేను మా ఇంట్లో పొగపెట్టేదీ అదే పిప్పి. పేకాటకని మెయ్-జూ ఇంటికి వెళ్ళి వాళ్ళు తిరిగొచ్చినప్పుడు బట్టల నిండా ఆ వాసన ఉన్నా, అది నా వంట వాసనే అనుకున్నాను. పెద్దల ఆయుష్షు కోసం మేలుకుని ఉండాలి కదా, పేకాడుకుంటామని వెళ్ళేవాళ్ళు. నేను గిన్నెలు కడుక్కుంటూ, ఎంత కలిసిమెలిసి ఉన్నారో అని మురిసిపోయేదాన్ని.

"ఎన్నేళ్ళ నుంచి అత్తయ్యా?"

"ముందు కూర్చోవే."

"ఎన్నేళ్ళు?"

ముసలావిడ చేతులు చొక్కా అంచుకి తుడుచుకుంది. "వాడు ఇంటికొచ్చాక మొదటి పండగ నుంచీ."

"పొడుగు ఆవిరి బుట్ట కావాలి. చేప పట్టడం లేదు" అన్నాను.

మెయ్-జూ అటక మీంచి బుట్ట దించి రెండు చేతులతో ఇచ్చింది. ఏనాడూ నాకు ఏదీ రెండు చేతులతో ఇచ్చిన మనిషి కాదు.

ఇంటికొచ్చేసరికి నింగ్ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నా మొహం చూడలేదు, నా చేతిలో బుట్ట చూసింది. దానికి అంతా తెలిసిపోయింది.

"నువ్వు కూడానా నింగ్?"

"అమ్మా, నీ వంట నాకు నిజంగా ఇష్టం."

"నేను అడిగింది అది కాదు."

"ఎన్నోసార్లు చెప్పేద్దాం అన్నాను. నాన్నే వద్దన్నాడు. నువ్వు తట్టుకోలేవని." ఏడుపు మొదలుపెట్టింది. "నీ మీద దయతోనే అమ్మా. ఎవరూ నిన్ను వెక్కిరించాలని చేయలేదు."

దయ! బాతు మీద నేను చూపించేది దయే. దాన్ని నేను అడగను, దానికి చెప్పను, దానికి తెలియదు కాబట్టి దాని తరఫున నేనే నిర్ణయిస్తాను. నా కూతురు నన్ను ఆ వరసలో నిలబెట్టింది. అత్తయ్య మాటలకి కోపం వచ్చింది, మెయ్-జూ మాటలకి ఒళ్ళు మండింది. కానీ దీని మాటకి మాత్రం లోపల ఏదో తెగింది. పొద్దున్న ఐదింటి నుంచి నా పక్కన నిలబడి, నేను పొర చుట్టడం ఫోనులో వీడియో తీసి, "ఈ విద్య నాకు నేర్పకుండా పోకు అమ్మా" అన్నది ఇదే పిల్ల. అప్పటికే దాని చాప్‌స్టిక్‌లు అక్కడ బల్ల మీద ఉన్నాయి.

"ఆవాకులు కడగడం అయిందా?" అన్నాను.

"అయింది."

"అయితే పక్కకి జరుగు."

కున్-షాన్ పదకొండింటికి వచ్చాడు. పండగకని జుట్టు కత్తిరించుకుని, రంగు వేయించుకుని, చేతిలో కమలాపళ్ళ సంచితో. మెయ్-జూ ఫోను చేసేసిందని వాకిట్లో చెప్పులు విడిచిన తీరులోనే తెలిసింది. అయినా నవ్వు మొహం పెట్టాడు.

"ఏంటీ, సందు చివరిదాకా ఘుమఘుమలు..."

"బాతులు కూడా నమ్మవా?"

నవ్వు ఆరిపోయింది. సంచి కింద పెట్టి, నేను దుంపలు చెక్కుకునే చిన్న పీట మీద కూర్చున్నాడు. కాసేపు కమలాపండు ఒకటి చేతిలో తిప్పాడు.

"అడక్కుండా తినలేదు బీ-యూన్. దేవుణ్ణి అడిగే తిన్నాను. నెలవంక చెక్కలు వేసి మరీ అడిగాను. సరేనని వచ్చింది."

ఆ చెక్కలు జంటగా నేల మీద వేస్తాం. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే దేవుడు ఒప్పుకున్నట్టు. వినగానే నా చేతిలో కత్తి ఆగిపోయింది. గ్వాన్‌యిన్ అమ్మే ఒప్పుకుంటే ఇక నేనెవర్ని?

"ఏ గుళ్ళో?"

ఆయన కమలాపండు తొక్కని గోటితో గీకాడు.

"ఏ గుళ్ళో వేశావు?"

"మన సందు చివర... భూమి తాత గుళ్ళో."

ఒక్క క్షణం నాకు నవ్వొచ్చింది. "మొక్కింది గ్వాన్‌యిన్ అమ్మకి. విడుదల అడిగింది భూమి తాతనా? ఆయనకి నువ్వు నెలకి రెండుసార్లు బాతు నైవేద్యం పెడతావు కదయ్యా! ఆయన వద్దంటాడా?"

"దేవుడు దేవుడే కదా."

"ఎన్నిసార్లు వేస్తే ఒప్పుకున్నాడు?"

"మూడు."

"కున్-షాన్."

"ఏడు."

పొయ్యి మంట తగ్గించాను. అప్పుడు ఆయన తలెత్తి, నేను ఎదురుచూడని మాట అన్నాడు. "మొక్కుకుంది నువ్వు. అప్పుడు నేను రొమ్ము తెరుచుకుని బల్ల మీద పడున్నాను. నన్ను ఎవరైనా అడిగారా? బతికి బయటపడ్డాక తెలిసింది, నా ప్రాణానికి ఒక షరతు ఉందని. నాకు పండగంటే మా నాన్న చేతి బాతు. చిన్నప్పటి నుంచీ అంతే. నేను ఏం చెయ్యను?"

అది నిజం. ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. గుళ్ళో అందరూ చూస్తుంటే "మా ఆవిడ మాటే నా మాట" అనక ఏమంటాడు, పాపం. ఇంకో రోజైతే నేను మెత్తబడేదాన్నేమో.

"ఈ ముక్క నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తే ఊరుకునేదానివా?"

"ఏమో. ఏడ్చేదాన్నేమో, అరిచేదాన్నేమో. ఆ తర్వాత నేను ఒక్కదాన్నీ ఈ చివర కూర్చుని నా చేప పెట్టుకునేదాన్ని. నువ్వు ఆ చివర మీ నాన్న బాతు పెట్టుకునేవాడివి. నీ వంతు కూడా నేనే అమ్మవారికి చెప్పుకునేదాన్ని. ఏడుసార్లు చెక్కలు విసిరే ఓపిక ఉంది నీకు. నన్ను ఒక్కసారి అడిగే ఓపిక లేకపోయింది."

ఆయన లేచి నా భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. నేను పక్కకి తప్పుకున్నాను.

"ఈ ఏడు అక్కడ ఏమీ ఉండదు. ఇప్పుడే వెళ్ళి ఆ కుండ దింపించేస్తాను. ఆరింటికి అందరం వస్తాం. ఇక్కడే తింటాం, కడుపునిండా. ఒట్టు."

"ఎవరి మీద ఒట్టు? భూమి తాత మీదా?"

వానకోటు తగిలించుకుని వెళ్ళిపోయాడు. నింగ్ కళ్ళు తుడుచుకుంటూ, నానమ్మని గొడుగులో తీసుకొస్తానని వాళ్ళ నాన్న వెనకే పరుగెత్తింది. ఇద్దరికీ వానకోట్లు చాలాయి. పండగకని ఉతికి ఇస్త్రీ చేసిన చలికోట్లు గుమ్మం పక్కన కొక్కేలకి వేలాడుతున్నాయి.

ఇల్లు ఖాళీ అయింది. అప్పుడు ఏడ్చాను. పొయ్యి ముందు నిలబడి, గరిటె తిప్పుతూ, ముక్కు మోచేత్తో తుడుచుకుంటూ ఏడ్చాను. మొక్కు తప్పితే ఆయనకి ఏమవుతుందోనని నేను ఐదేళ్ళు భయపడ్డాను. పులుసులో వేసే సాసు సీసా మీద చిన్న అక్షరాలు కళ్ళద్దాలు పెట్టుకుని చదివాను, అందులో ఎక్కడ చేప రసం కలిసిందోనని. ఒకసారి పుట్టగొడుగుల పొడిలో అనుమానం వచ్చి కుండెడు పులుసు పారబోసి మళ్ళీ చేశాను. వాళ్ళు నాలుగుసార్లు మొక్కు తప్పారు, అమ్మవారు ఒక్కసారైనా కన్నెర్ర చేయలేదు. ఆయన బతికి ఉన్నందుకు సంతోషించాలి. సంతోషించలేకపోయాను. ఆవిడ కూడా నా చెవిలో పువ్వు పెట్టిందనిపించింది.

వంట మాత్రం ఆపలేదు. ఆపితే నేను కూడా వాళ్ళలో ఒకదాన్నవుతాను. తామర దుంపలూ వేరుశనగలూ వేసిన పులుసు మరిగింది. ముల్లంగి అట్లు ఎర్రగా వేగాయి. పొర బాతుని పొగలోంచి దించి ఏటవాలు ముక్కలుగా కోశాను. చివరి ముక్క నోట్లో వేసుకున్నాను. బాతులా లేదు. బాతు తిని ఐదేళ్ళయింది, నాకు మాత్రం ఏం గుర్తుంటుంది? కానీ అది బాగుంది. అల్లం ఘాటు, చెరకు పొగ, సోయా కమ్మదనం. దానంతట అది బాగుంది. తడిగుడ్డ కాదు. అబద్ధం చెప్పక్కర్లేనంత బాగుంది.

ఐదున్నరకి గ్వాన్‌యిన్ అమ్మవారికి అగరొత్తి వెలిగించి, బల్ల సర్దాను. ఐదు కుర్చీలు, ఐదు గిన్నెలు. తర్వాత గుమ్మం దగ్గరికి వెళ్ళి కొక్కేల మీంచి చలికోట్లు తెచ్చాను.

ఆరింటికి నలుగురూ వచ్చారు. ముందు అత్తయ్య, ఆవిడ మోచెయ్యి పట్టుకుని నింగ్, వెనక కున్-షాన్, అందరికంటే వెనక మెయ్-జూ. జుట్లలోంచి నీళ్ళు కారుతున్నాయి. మొహాలు చిన్నబుచ్చుకుని, బుద్ధిగా చెప్పులు వరసగా విడిచారు. తర్వాత బల్ల వైపు చూశారు.

ఒక కుర్చీలో నేను కూర్చుని ఉన్నాను. మిగతా నాలుగు కుర్చీలకీ కోట్లు తొడిగి ఉన్నాయి. అత్తయ్య పూల దూది కోటు. నింగ్ నల్ల కోటు. పోయినేడు మెయ్-జూ మా ఇంట్లో మర్చిపోయిన పచ్చ కోటు. కున్-షాన్ గోధుమరంగు కోటు. నాలుగు గిన్నెల్లోనూ ప్రతి వంటకంలోంచీ మొదటి ముక్క వేసి పెట్టాను. సన్నగా ఆవిరి వస్తోంది.

"మేం వచ్చేశాం అమ్మా" అంది నింగ్ నెమ్మదిగా.

"కనిపిస్తోంది."

"మరి ఇవి..."

"ఇవి ఇంటికి రాలేనివాళ్ళవి. నాలుగు పండగల నుంచీ రాలేదు. నాకే ఆలస్యంగా తెలిసింది."

కున్-షాన్ తడి జుట్టు వెనక్కి తోసుకున్నాడు. "సరే, నీ కోపంలో న్యాయం ఉంది. తప్పయిపోయింది. చల్లారిపోతోంది, కూర్చుందాం." అంటూ తన కుర్చీ దగ్గరికి వచ్చి కోటు భుజం పట్టుకున్నాడు.

"ముట్టుకోకురా!"

అత్తయ్య అరుపుకి అందరం ఉలిక్కిపడ్డాం. ఎనభై రెండేళ్ళ మనిషి, రెండంగల్లో వచ్చి కొడుకు చెయ్యి లాగేసింది.

"నా కోటే కదమ్మా! నేను ఇక్కడే ఉన్నాను కదా!"

"గిన్నెలో ముక్క పడింది. భోజనం మొదలైంది. మధ్యలో తీస్తే..." ఆసుపత్రిలో ఆయన ఉన్న ఆ ఏడాది ఇదే కోటు, ఇదే కుర్చీ. ఆవిడ నా వైపు చూసింది. కోపంగా కాదు. ఇంత పని చేస్తావా అన్నట్టు చూసింది. నేను కూడా పొద్దున్న వాళ్ళింట్లో అలాగే చూసి ఉంటాను.

"ఇంకో నాలుగు కుర్చీలు తెస్తాను" అంది మెయ్-జూ.

"రాలేనివాళ్ళ చోట్లో ఇంకొకళ్ళు కూర్చోకూడదే" అంది అత్తయ్య. తన నమ్మకం తనకే అడ్డం పడింది.

"మీకు మాత్రం వంటింట్లో పీట ఉంది అత్తయ్యా. కాళ్ళు నొప్పులు కదా" అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపి గోడకి ఆనుకుంది. "వద్దులే. ఎంతసేపు తింటావు?"

"నెమ్మదిగా తింటాను."

నలుగురూ నిలబడ్డారు. నింగ్ వెక్కుతోంది. మెయ్-జూ నేల చూస్తోంది. కున్-షాన్ చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. అక్కడ మాత్రల డబ్బీ ఉంది, భోజనం అయ్యాక వేసుకోవాల్సినవి. నేను పులుసు తాగాను, ముల్లంగి అట్టు తిన్నాను, పొర బాతు మూడు ముక్కలు తిన్నాను. చేపని ముట్టుకోలేదు, అది మర్నాటికి మిగలాలి.

ఆఖరున ఆవాకు. పొద్దున్న నింగ్ కడిగిన వాటిలో అన్నిటికంటే పొడుగుది నాకు ఏరి పెట్టుకున్నాను. ఏటా నేను కున్-షాన్ ఆయుష్షు తలుచుకుని తినేదాన్ని. చివర నోట్లో పెట్టుకుని ఆగాను, ఈసారి ఎవరిని తలుచుకోవాలా అని. మొక్కులో నేను అన్న మాట గుర్తొచ్చింది. నేను బతికున్నంత కాలం అన్నాను. ఐదేళ్ళలో మొదటిసారి నా ఆయుష్షు తలుచుకున్నాను.

కొరక్కుండా, తెంపకుండా నమలడం మొదలుపెట్టాను. ఆకు మూరెడు పైనే ఉంది. వాళ్ళు నిలబడే ఉన్నారు.